రోజు కన్నా ముందు సంవత్సరం

నాగజ్యోతి వినుకొండలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో సి లాంగ్వేజ్ చెప్పేది. పొద్దుట్నుంచీ మూడు బ్యాచ్‌లకు చెప్పి, గొంతు పోయి ఇంటికి బయల్దేరుతుంటే బుల్లయ్య గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆయనది పశువుల మందుల కొట్టు. గడువు దాటిన మందులేవో చెప్పే ప్రోగ్రామ్ ఆమే రాసిచ్చింది.

వెళ్ళేసరికి ఆయన మండిపడుతున్నాడు.

"ఏందమ్మాయ్ ఇది? నిన్న దిగిన సరుకు గడువు దాటిందంటది!"

కుర్చీలో కూలబడి కోడ్ చూసింది. ఆ రోజు 2002 ఫిబ్రవరి ఇరవై. కొత్త సీసాలకి గడువు 2003 నవంబరు ఐదు. ప్రోగ్రామ్ ముందు రోజుల్ని పోల్చి అక్కడే తేల్చేస్తోంది. ఇరవై కన్నా ఐదు చిన్నది కాబట్టి గడువు దాటినట్టే! రాసినప్పుడు ఒకే నెలలోని తేదీలతో సరిచూసి వదిలేసింది.

"తప్పు నాదే బాబాయ్‌ గారూ" అంది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. జనవరి ఇరవై ఎనిమిదితో గడువైపోయిన మందుని ఇదే ప్రోగ్రామ్ మంచిదంటుంది.

అరల్లో వెతికితే అలాంటి సీసాలున్నాయి.

"అందులో ఒకటి ఇందాకే రాఘవమ్మ పట్టుకెళ్ళింది. ఈనిన గేదె లేవట్లేదంట" అన్నాడు కొట్లో పనిచేసే మీరావలి.

మంచి సీసా తీసుకుని అతని మోపెడ్ వెనక కూర్చుంది. దారి పొడవునా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. దగ్గడానికి కూడా ఓపిక లేదు.

రాఘవమ్మ గేదె పక్కనే గోనెపట్టా మీద కూర్చుని ఉంది.

"సూది వేశారా?"

"డాక్టరు గారు రాందే? కోత మానుకుని కూర్చున్నా."

నాగజ్యోతి సీసా మార్చి, జరిగింది చెప్పింది. రాఘవమ్మ తిట్టలేదు. "ఇదన్నా పనిచేస్తదా?" అని మాత్రం అడిగింది.

డాక్టరు వచ్చి సూది వేశాడు. చాలాసేపటికి గేదె ముందు మోకాళ్ళ మీద ఊగి, లేచి నిలబడింది. నాగజ్యోతికి సంతోషం కన్నా నిద్ర ముంచుకొచ్చింది. అయినా కొట్టుకే వెళ్ళింది. ముందు సంవత్సరాలు, అవి సమానమైతేనే నెలలు, అవీ సమానమైతేనే రోజులు పోల్చేలా మార్చింది. ఈసారి నెల మారే తేదీలు, ఏడాది మారే తేదీలు కూడా పెట్టి చూసింది.

"ఇప్పుడు నమ్మొచ్చా?" అన్నాడు బుల్లయ్య.

"కొన్నాళ్ళు సీసా మీద కూడా చూసి అమ్మండి" అంటూ చెప్పులేసుకుంది.