చివరి కుట్టు వెయ్యని దుప్పట్లు

దుప్పటి మీద పువ్వు కుడుతుంటే కొత్తపిల్ల వేలిలో సూది విరిగింది. తెల్ల దుప్పటి మీద నెత్తురు పడింది. పరుగున వచ్చిన యజమాని ముందు దుప్పటిని చూసుకున్నాడు. తర్వాత పిల్ల జుట్టు పట్టుకుని వంచి, ఆ మరకను ఆమె చేతే నాకించాడు.

"ముక్క లోపలే ఉంది సార్, ఆస్పత్రికి పంపండి" అంది పెద్దక్క. మాకందరికీ సూది పట్టడం నేర్పింది ఆవిడే.

"సరుకు పూర్తి కానీ. వేలెక్కడికి పారిపోతుంది?" అని నవ్వి, బయట తాళం వేసుకుని పోయాడు.

ఆర్డరు పూర్తయ్యేదాకా మా తిండీ పడకా ఆ గదిలోనే. పిల్ల వేలు వాచి నల్లబడింది. జ్వరంతో మూలుగుతున్నా సూది వదలనివ్వలేదు వాడు.

"పని ఆపేద్దాం" అన్నాన్నేను.

"ఆపితే మన తోలు తీస్తాడే" అంది పక్కనున్న వదిన.

"ఆపొద్దు. అన్నీ గొలుసుకుట్టే కుట్టండి. చివర బిగించే కుట్టు మాత్రం వెయ్యకండి" అంది పెద్దక్క.

గొలుసుకుట్టులో ఒక మెలికను పట్టి ఉంచేది దాని తర్వాతి మెలిక. ఆఖరి మెలిక మీద చిన్న కుట్టు వేసి బిగించకపోతే, కొస లాగగానే మొత్తం ఊడిపోతుంది. కొత్తవాళ్లందరూ చేసే తప్పే అది. ఆ తప్పుకే మా నెత్తిన మొట్టికాయలు వేసిన మనిషి, ఇప్పుడదే చెయ్యమంది.

సరుకు తీసుకోవడానికి షావుకారు వచ్చిన రోజున తలుపు తెరుచుకుంది.

"పిల్లని ఆస్పత్రికి పంపండి. ఇక తాళం వెయ్యనని చెప్పండి. అప్పుడే చివరి కుట్లు వేస్తాం" అంది పెద్దక్క.

"నన్నే బెదిరిస్తావుటే!" యజమాని ఆవిడ చెంప పగలగొట్టాడు.

పెద్దక్క లేచి దారం లాగింది. మేమూ తలా ఒక కొస పట్టుకుని లాగాం. తీగలు, పువ్వులు సర్రున ఊడి మా కాళ్ల దగ్గర కుప్పపడ్డాయి.

యజమాని పిలిస్తే పోలీసులొచ్చారు. మా కళ్ల ముందే పెద్దక్క వేళ్లను బూటు కింద నలిపి, వ్యానులోకి ఈడ్చారు. స్టేషన్ నుంచి ఆవిడ శవమే తిరిగొచ్చింది. ఆస్పత్రిలో పిల్ల వేలు తీసేశారు.

నేర్పేవాళ్లు దొరక్క యజమాని మమ్మల్నే మళ్లీ పిలిచాడు. ఆకలి మమ్మల్ని వెనక్కి తోసింది. పెద్దక్క చోట ఆ పిల్లే కూర్చుంది, ఉన్న వేళ్లతోనే కొత్తవాళ్లకు గొలుసుకుట్టు చూపిస్తూ.

"చివరి కుట్టు ఎప్పుడెయ్యాలక్కా?" అడిగిందొకామె.

గుమ్మంలో తాళం పట్టుకుని నిలబడ్డ యజమానికి వినిపించేలా పిల్ల గట్టిగా చెప్పింది.

"వాడు ఆ తాళం పారేశాక!"

సూదులు దించి, అందరం వాడి చేతివైపు చూశాం.