చెరొక కుంది

నేను ఒక ఇత్తడి దీపపు కుందిని. జంటగా పుట్టిన వస్తువును విడదీస్తే మిగిలేది ఒకటా, సగమా అన్న సందేహం ఏళ్లుగా నాలో ఉండిపోయింది. దేవుడి గదిలో ఉండే వస్తువుకి ఇలాంటి సందేహాలు రాకూడదేమో. నాకు వచ్చింది.

ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో ఒకే కంచరి చేతిలో మేమిద్దరం తయారయ్యాం. కొత్తగా పెళ్లయిన తవిటినాయుడు, హైమావతి కలిసి కొన్న మొదటి వస్తువులం మేమే. విజయనగరంలోని వాళ్లింట్లో రోజూ వెలిగాం. వాళ్ల పాప యామినికి నాలుగేళ్లప్పుడు జ్వరం తిరగబెట్టి ఆసుపత్రిలో ఉంటే, పిల్ల లేచి తిరిగితే ఈ జంట కుందుల్లోనే నేతి దీపాలు పెడతామని ఇద్దరూ పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నారు. పిల్ల లేచి తిరిగింది. మొక్కు తీర్చేలోగా పెద్దవాళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఇద్దరి అంగీకారంతోనే విడాకులు అయ్యాయి. ఇల్లు అమ్మి, బ్యాంకు అప్పు తీర్చి, మిగిలింది పంచుకున్నారు. నగలు ఆమెవి, స్కూటరు ఆయనది. పిల్ల తల్లి దగ్గర, ఆదివారాలు మాత్రం తండ్రి దగ్గర. ఇంతవరకు ఒప్పుకున్న మనుషులు మా దగ్గరకు వచ్చేసరికి మొండికేశారు. వకీలు విసిగిపోయి, "రెండున్నాయి కదమ్మా, చెరొకటి పట్టుకెళ్లండి" అన్నాడు.

న్యాయం సమానంగానే జరిగింది. కానీ ఒంటి దీపం పోయిన మనిషి తలవైపు పెట్టేది. దాన్ని ఏ ఇంట్లో వెలిగిస్తారు? హైమావతి ఇంట్లో నేను యామిని రిబ్బన్లు మోశాను. అక్కడ నా జంట స్కూటరు తాళాలు మోస్తోందని పిల్లే చెప్పింది. పిల్లకి ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా తల్లి నా వైపు చూసి, "మొక్కు తీరలేదు, అందుకే" అనేది.

ఆరేళ్లకి హైమావతికి కాకినాడ బదిలీ అయింది. పిల్లను తీసుకెళ్లనివ్వొద్దని తవిటినాయుడు కోర్టులో పిటిషను వేశాడు. ఆదివారాలు పోతే కూతురు చుట్టమైపోతుందని ఆయన భయం. జడ్జిగారు యామినిని తన గదికి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగారట.

"ముందు వీళ్లని నా మొక్కు తీర్చమనండి" అందట పిల్ల.

జడ్జిగారు నవ్వి తల్లిదండ్రులతో, "ఇది నేను ఆర్డరులో రాయలేను. వాయిదా మాత్రం ఇస్తాను" అన్నారట.

మంగళవారం నాడు గుడి దగ్గర మేం మళ్లీ పక్కపక్కన నిలబడ్డాం. నా జంట నల్లగా ఉంది.

"చింతపండు పెట్టి తోమలేదేటి?" అంది హైమావతి.

"తోమాను. నాకు ఇలగే వచ్చింది."

"మరి నెయ్యేదీ?"

"నువ్వు తెస్తావని ఎరుగుదును కదా. నాను వత్తులు తెచ్చాను."

ఆమె సంచిలో నెయ్యి ఉంది. వత్తులు లేవు.

ఆయన వత్తిని వేళ్లతో నలిపి కుందిలో పెట్టాడు. "కాకినాడ ఎంత దూరమేటిలే. ఆదివారం పొద్దుటి బండికి నానే వస్తాను. పిటిషను తీసేస్తాను."

"సెలవులన్నీ పిల్ల మీ దగ్గరే ఉంటాది" అంది ఆమె. "కోర్టులో అలాగే రాయిద్దాం."

"నెయ్యి గడ్డకట్టేస్తంది, ముట్టించండి" అంది యామిని.

ఒకరు నన్ను, ఒకరు నా జంటను వెలిగించారు. మెట్లు దిగాక మళ్లీ చెరో దారినే వెళతారని నాకు తెలుసు. అయినా దాని వెలుగు నా మీద, నా వెలుగు దాని మీద పడుతుంటే ఒకటా, సగమా అన్న సంగతే గుర్తు రాలేదు. నెయ్యి అయిపోయేదాకా ముగ్గురూ కూర్చున్నారు. అమ్మవారి బాకీ తీరింది.