అరగదీసిన ముళ్లు

మంత్రి ఇంకాసేపట్లో అటెబుబు ఊరు చేరతాడు. ఆయన ప్రారంభించాలని పందిరి కింద పూలదండ వేసి ఉంచిన కొత్త యంత్రం మాత్రం కర్రపెండలాన్ని తురమడం లేదు, నలిపి ముద్ద చేస్తోంది. ఆ జిగురు డ్రమ్ముకు పట్టి మోటారు పొగలు కక్కింది. వరుసగా కూర్చున్న ఆడవాళ్ల బుట్టల్లో తొక్క తీసిన దుంపలు ఎండకు రంగు మారుతున్నాయి.

ఆవిష్కరణల శాఖ అధికారి అడుసే చెమట తుడుచుకుంటూ రోడ్డు దాటి, కమ్మరి ఓపోకు దగ్గరికి వచ్చాడు. కొట్టం తలుపుకు నెల కిందట అడుసే వేయించిన సీలుంది. ఓపోకు బయట పీట మీద కూర్చుని నారింజపండు తొక్క తీస్తున్నాడు.

“మేస్త్రీ, ఒక్కసారొచ్చి చూడు.”

“నేను ముట్టుకుంటే నేరమంటగా. కాయితమ్మీద నువ్వే గదయ్యా రాసిచ్చింది.”

మూడేళ్ల కిందట ఈ అడుసే ఇక్కడే కూర్చుని భోంచేశాడు. పల్లె పనితనాన్ని దేశానికి పరిశ్రమ చేస్తామన్నాడు. పరీక్షకని ఓపోకు చేసిన తురుము డ్రమ్ము పట్టుకుపోయాడు. అది రాజధానిలో ఒక కంపెనీ పేరిట హక్కుపత్రమైంది, బహుమతైంది, సర్కారు పెట్టుబడైంది. ఓపోకు రెండు వేల సెడీలకు అమ్మే యంత్రం పదకొండు వేలైంది. ఓపోకు నకళ్లు చేస్తున్నాడని కొట్టం మూయించారు.

ఓపోకు డ్రమ్ము రేకును లోపలివైపు నుంచి మేకుతో పొడుస్తాడు. బయటికి లేచిన ముళ్లే దుంపను తురుముతాయి. కంపెనీవాళ్ల కంటికి అది మోటుపనిగా కనిపించింది. ముళ్లన్నీ అరగదీసి నున్నగా నీలిరంగు వేశారు.

“వెనకవైపు నుంచి రా. ఎవరూ చూడరు. ఐదొందలిస్తా,” అన్నాడు అడుసే.

“అందరూ చూడాలి. ఇది ఎవరి చేతిపనో మంత్రి ముందు మైకులో చెప్పు. అప్పుడు మేకు పట్టుకుంటా.”

బుట్టల ఆడవాళ్లకు పెద్దదిక్కైన సెర్వా వచ్చి నిలబడింది. “నీ పగ సరే మేస్త్రీ, మా దుంపలేం పాపం చేశాయి?”

“నా పాత మిషను లోపలే ఉందక్కా. సీలు తీయించు, ఇప్పుడే తురిమిస్తా.”

“తీసే అధికారం నాకు లేదు,” అన్నాడు అడుసే.

“వేసేటప్పుడు మాత్రం ఎక్కడిదయ్యా?” అంది సెర్వా. పందిరిలోకి పోయి తన బుట్ట ఎత్తుకొచ్చి సీలున్న తలుపు ముందు దించింది. ఆమె వెనక ఇంకో బుట్ట వచ్చింది. తర్వాత ఇంకొకటి.

దూరంగా కార్ల హారన్లు వినిపించాయి.

“మేస్త్రీ, నా ఉద్యోగం పోతుంది!”

ఓపోకు లేచాడు. అడుసే ముఖంలో ఆశ కదిలింది. ఓపోకు పీట ఎత్తి, పందిరి బాగా కనబడేలా తిప్పి వేసుకుని, మళ్లీ కూర్చున్నాడు.