వెనకాల వచ్చే వ్యాన్

"రొట్టె చల్లబడ్డది, ఇంకోటి తే" అన్నాడు మల్లేశ్, టీవీ మీంచి చూపు తిప్పకుండా. అది పెనం మీంచి దిగి నిమిషం కూడా కాలేదు. నా మొగుడికి జొన్నరొట్టె ఒక్కొక్కటిగా, పొంగింది పొంగినట్టే పళ్లెంలోకి రావాలి. అందుకే మూడు వారాలుగా ఈ సైకిల్ పందాన్ని నేను వంటింటి గుమ్మంలోంచి, పిండి చేతులతో, ముక్కలు ముక్కలుగా చూస్తున్నాను.

క్రికెట్ లేక మల్లేశ్ టీవీలో పెట్టుకుని చూస్తున్న పందెం అది. ఏదో దేశంలో రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి, కొండలెక్కి దిగుతూ తొక్కుతారు. అతను ముందున్నవాణ్ణి చూస్తాడు. నేను గొర్రెల కాపరి బిడ్డను, చివరివాణ్ణి చూస్తాను. మా బాపు బీరప్ప ఎప్పుడూ మంద వెనకే నడిచేవాడు. "ముంగటియి ఎట్లన్న పోతయి బిడ్డా, ఎన్కవడ్డదాన్ని చూడాలె" అనేవాడు.

ఇవాళ చివరివాడు పడి లేచి తొక్కుతున్నాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. గెలిచినవాడు చేరాక ఇన్ని నిమిషాల్లోపు రాకపోతే రేపు పందెంలోకి రానివ్వరట. తెర మూలన ఆ లెక్క తగ్గిపోతోంది. అతని వెనకాలే ఒక వ్యాన్ మెల్లగా వస్తోంది. ఇక చాతకాదనుకున్నవాళ్లు అందులో ఎక్కి కూర్చోవచ్చు. అతను చెయ్యి ఊపి వద్దన్నాడు.

నాకూ రేపు సాయంత్రం అయిదే గడువు. నందికొండలో ఒక గురుకుల బడిలో నర్సు ఉద్యోగంలో చేరాలి, ఆర్డరు వచ్చి నెలైంది. "నేను మాట్లాడుత తియ్ స్వర్ణా, ఇంకో పది రోజులు అడుగుదం" అంటూ మల్లేశ్ దాన్ని బీరువాలో పెట్టి తాళంచెవి అంగీ జేబులో వేసుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. అడిగినప్పుడల్లా అత్త గుర్వమ్మ ఎంతో ప్రేమగా, "గంత దూరం నీకెందుకు బిడ్డా, జర నీడపట్టున ఉండరాదు" అంది. తిట్టి ఉంటే ఎప్పుడో ఎదురు తిరిగేదాన్ని. ఆ ప్రేమకు తలొగ్గి నెల రోజులు రొట్టెలు చేశాను. నా మీద నాకే రోతగా ఉంది.

"గా బండ్ల ఎక్కి కూసోరాదు వీడు? ఎవలు బలవంతం జేస్తున్నరు?" అన్నాడు మల్లేశ్ నవ్వుతూ.

రొట్టె తడుతున్న నా చెయ్యి ఆగింది. పోయిన ఆదివారం నన్నూ ఇదే మాటన్నాడు. "ఇంట్ల కూసోని తినరాదు? నిన్నెవలు బలవంతం జేస్తున్నరు?"

తెర మీద నిమిషం మిగిలింది. తర్వాత ఇరవై సెకన్లు. పెనం మీది రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా నేను కదల్లేదు. తొక్కు నాయనా, తొక్కు. ముగింపు గీత ఎదురుగా కనిపిస్తుండగానే లెక్క సున్నా అయింది. అతను దాటాడు, పదకొండు సెకన్లు ఆలస్యంగా.

"చూసినవా? గంత కష్టపడి ఏం ఫాయిద?" అన్నాడు మల్లేశ్. "రొట్టె తే, మాడుతాంది."

గోడ గడియారంలో ఎనిమిది. ఆ సైకిలాయన పదకొండు సెకన్ల తేడాతో రేపటి పందెం పోగొట్టుకున్నాడు. నాకింకా ఇరవై ఒక్క గంటలున్నాయి. పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, కొక్కేనికి వేలాడుతున్న అతని అంగీ దగ్గరికి వెళ్లాను.

"రొట్టె ఏది?"

"పిండి పళ్లెంల ఉంది" అన్నాను, జేబులోంచి తాళంచెవి తీస్తూ. "చేసుకో. పొద్దుగాల ఆరింటికి నా బస్సు."