ముతల్ కౌజు పిట్ట గెలిచిన పందెం

మర్గిలాన్ బజారు వీధిలో ముతల్ చాయ్‌ఖానా అతని కౌజు పిట్ట పేరు మీద నడిచేది. సొరబుర్ర పంజరంలోంచి అది కూస్తుంటే జనం మైమరచి వినేవారు. పలావు ఎలా ఉందో పట్టించుకునేవారు కాదు. అది ముతల్ అదృష్టం.

ఆ అదృష్టానికి గోరువంకలు దాపురించాయి. మిడతల పీడ వదిలిస్తాయని వెనకటికి పెద్దలే వాటిని ముద్దు చేశారట. మిడతలు అయిపోయాక అవి పిచ్చుకల గూళ్లు లాక్కున్నాయి, ద్రాక్షతోటలు దోచాయి, చివరికి పంజరం సందుల్లో ముక్కులు దూర్చి కౌజు పిట్ట కొర్రలూ కాజేశాయి. ఏకు మేకై కూర్చోవడమంటే అదే. బెదిరిన పిట్ట కూయడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఎదురుగా సాబిత్ కొత్త చాయ్‌ఖానా తెరిచి, తనూ ఒక కౌజు పిట్టను వేలాడదీసి, ముతల్‌ను పందేనికి పిలిచాడు. ఎవరి పిట్ట ఎక్కువసేపు కూస్తే వీధంతా వాళ్ల దగ్గరే చాయ్ తాగాలి. ఓడితే ముతల్ చాయ్ కాచే సమోవార్ అమ్ముకోవలసిందే.

పందెం రోజు సాబిత్ పిట్ట బాగానే కూసింది. ముతల్ పిట్ట మాత్రం గుడ్డ కప్పిన పంజరంలో కుక్కిన పేనులా పడి ఉంది.

"ఏం మామా, నీ పిట్టకి ఉపవాసమా?" అన్నాడు సాబిత్.

"ఆగరా అబ్బాయ్, గొంతు సవరించుకుంటోంది," అన్నాడు ముతల్, తన గొంతే ఎండిపోతుండగా.

అంతలో కూత మొదలైంది. ఎంతకీ ఆగదే! జనం పంజరం వైపు చూసి చప్పట్లు కొట్టారు. ముతల్ ఒక్కడే తలెత్తి చూశాడు. మల్బరీ కొమ్మ మీద గోరువంక! ఇన్నాళ్లూ కొర్రలతోపాటు కూత కూడా దొంగిలించిందన్నమాట. అతను గబుక్కున తల దించుకున్నాడు.

"పిట్టంటే అదీ!" అన్నాడు మీసం తిప్పుతూ.

ఆ కూత ఆగిపోకూడదని, నిన్నటిదాకా రాళ్లు విసిరిన చెయ్యే మర్నాటి నుంచి గోరువంకలకు కొర్రలు చల్లింది. ఒకదాన్ని పిలిస్తే బలగమంతా దిగింది. రొట్టెలు పొడిచాయి, పలావు పళ్లేల్లోకి దూకాయి, పెద్దమనుషుల టోపీల మీద రెట్టలు వేశాయి.

"మామా, ఈ కొట్టు మాకా, వాటికా?" అంటూ జనం ఒక్కొక్కరే సాబిత్ దగ్గరికి వెళ్లిపోయారు. రొట్టె ముక్కలు అటు పోయాక గోరువంకలు మాత్రం ఇక్కడెందుకుంటాయి? బెల్లం ఉన్నంతసేపే ఈగలు.

ఖాళీ కొట్లో ముతల్ అమ్మకానికి సమోవార్ తోముకుంటున్నాడు. గోరువంకల గోల పోయిందని నమ్మకం కుదిరిందేమో, కౌజు పిట్ట చాలాకాలానికి నోరు విప్పింది. అంత బాగా అది ఎన్నడూ కూయలేదు. ముతల్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎదుటి కొట్లోంచి ఎవరో అరిచారు: "ముతల్ మామా, ఆ గోరువంకను తోలవయ్యా! దాని గోలలో ఇక్కడ కౌజు పిట్ట కూత వినబడట్లేదు!"