బావగారు చదవని పేరు

బలపపు రాతిలో చెక్కిన, కోరల సముద్రజంతువు వాల్రస్ బొమ్మను అలాసువా సహకార సంఘం సభలో బల్ల మీద పెట్టి, "నాది, రాసుకోండి," అన్నాడు.

గదిలో వెనగ్గా నేల మీద కూర్చున్న ఆడవాళ్లలో కుపానుక్ తలెత్తింది. ఆ వాల్రస్‌ను పదకొండు రోజులు గొడ్డలితో, ఆకురాయితో చెక్కింది ఆమె. అలాసువా ఆమె భర్తకు అన్న. గడ్డకట్టిన సముద్రం మీద మంచు విరిగి భర్త మునిగిపోయి రెండేళ్లయింది. అప్పటినుంచీ ఆమె చెక్కిన ప్రతి బొమ్మా అలాసువా పేరు మీదే దక్షిణాన ఉన్న పట్నాలకు అమ్మకానికి పోతోంది. సంఘానికి అధ్యక్షుడు అతనే, సభ్యత్వం మగవాళ్లకే.

"అది నేను చెక్కింది, బావగారూ."



"నీకు మాంసం తెచ్చిపెడుతోంది ఎవరు?" అన్నాడు అలాసువా, వెనక్కి తిరక్కుండానే.

"మీరే. కాదన్నానా? మీ కాళ్లకున్న బూట్లు కుట్టింది నేను. అవి తొడుక్కుని వెళ్లారని, మీరు వేటాడిన సీల్ జంతువు నాదని ఎప్పుడైనా అన్నానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అలాసువా మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఓహో! తమ్ముడు పోయాక నోరు బాగా లేచిందే. ఇక్కడ గిట్టకపోతే తోళ్లు కొనే కంపెనీ కొట్టుకి పో. ఆ ఎర్రగడ్డం వాడు నీకోసమే తలుపు తెరుచుకుని కూర్చున్నాడు."

కుపానుక్ లేచి, బల్ల మీది బొమ్మను చంకన పెట్టుకుని, నిజంగానే వెళ్లిపోయింది.

కొట్టు నడిపే ఎర్రగడ్డం దొర ఆమెకు కుర్చీ వేసి టీ ఇచ్చాడు. ఇరవై ఏళ్లలో ఆ కొట్టులో ఆమె కూర్చోవడం అదే మొదలు. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఊరివాళ్ల ఇనుయిట్ భాషలో వచ్చీరాకుండా, "సంఘం ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తా. మిగతా ఆడాళ్లని కూడా తీసుకురా. ఎండాకాలానికి మీ సంఘం మూత పడుతుంది. అప్పుడు అందరూ మళ్లీ నా దగ్గరికే!" అని నవ్వాడు.

ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది. ఒకప్పుడు భర్త తెచ్చిన నక్కతోళ్లను ఈ మనిషే బూటుకాలితో కదిపి చూశాడు. సంఘం పెట్టిన ఏడాది, అందులో చేరినవాళ్లకు తూటాలు లేవన్నాడు. అరల నిండా తూటాల డబ్బాలు కనబడుతూనే ఉన్నాయి. ఆ చలికాలం వేట లేక ఊళ్లో సగం కుక్కలు ఆకలికి చచ్చాయి.

ఆమె బొమ్మ తీసుకుని తిరిగొచ్చింది. సభ ఇంకా సాగుతోంది. దొర అన్న మాటలు పొల్లు పోకుండా చెప్పింది.

"మా చేతులు లేకపోతే మీ సంఘం నిలవదని వాడికి తెలుసు, మీకే తెలీదు. ఇప్పుడు చెప్పండి, మమ్మల్ని ఎక్కడ కూర్చోమంటారు?"

"బెదిరిస్తున్నావా?" అన్నాడు అలాసువా.

"అవును."

మంత్రసాని అన్నాలుక్ ముసలమ్మ గోడ పట్టుకుని లేచింది. "మీలో సగంమందిని బయటికి లాగింది ఈ చేతులే. సభలో ఎత్తడానికి పనికిరావంటే, మీ పెళ్లాల నొప్పులకీ పనికిరావు. ఆలోచించుకోండి."

మగవాళ్లు చేతులెత్తారు. మూడు చేతుల తేడాతో ఆడవాళ్లకు సభ్యత్వం వచ్చింది. అలాసువా చెయ్యి ఎత్తలేదు.

మూడో రోజు అతను సీల్‌ను వేటాడి తెచ్చాడు. అతని భార్య సివుయాక్ ఇంటింటికీ మాంసం పంచుతూ వచ్చి, కుపానుక్ గుమ్మాన్ని చూడనట్టే దాటిపోయింది. కరువులో కూడా ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ అలా చెయ్యలేదు.

కుపానుక్ గునపం, గాలం తీసుకుని గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్లింది. మొదటి రోజు ఒక్క చేపా తగల్లేదు. రెండో రోజు రెండు పడ్డాయి. పెద్దది బావగారింటికి పట్టుకెళ్లి ఇచ్చింది. సివుయాక్ దాన్ని ఆమె ఎదుటే కుక్కలకు విసిరింది.

"మీ ఇష్టం, అక్కా," అని కుపానుక్ వచ్చేసింది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఎండాకాలం వచ్చింది. సంఘం మూత పడలేదు. మరో తొమ్మిదిమంది ఆడవాళ్లు చేరారు. సభ మొదట్లో సభ్యుల పేర్లు అధ్యక్షుడే చదవాలి. అలాసువా అందరివీ చదివి, కుపానుక్ పేరు దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేసేవాడు.

"ఒక పేరు మిగిలింది, బావగారూ," అని ఆమె లేచి నిలబడేది.

అతను చదివేదాకా కూర్చునేది కాదు.