మామయ్యగారికి మిగిలిన మాట

పక్షవాతం వచ్చి తగ్గాక మామయ్యగారికి కాలూ చెయ్యీ చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గాని, నోట్లో ఒక్క మాటే మిగిలింది. "రైట్". బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆ మాటతోనే బస్సును కదిలించిన మనిషి. మిగతావన్నీ పోయినా అది మాత్రం నాలుకను అంటిపెట్టుకుని ఉండిపోయింది.

మొదట్లో కంగారుపడ్డాం. తర్వాత అలవాటైంది. పొట్టిగా తెగ్గొట్టినట్టు "రైట్" అన్నారంటే టీ కావాలని. సాగదీస్తే దుప్పటి. గుమ్మం వైపు చూస్తూ నెమ్మదిగా అంటే, మా ఆయన ఆఫీసు నుంచి ఇంకా రాలేదేమని. గబగబా రెండుసార్లు అంటే మాత్రం మనం అక్కణ్ణుంచి తప్పుకోవాలి. నాకు అంతుపట్టనివి కూడా అత్తయ్యగారికి తెలిసిపోయేవి. ఒకసారి ఆయన "రైట్" అనగానే ఆవిడ వంటింట్లోంచే, "అది నిన్నటి పేపరండీ, ఇవాళ్టిది కిటికీలో ఉంది" అని కేకేశారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "పెళ్ళైనప్పట్నుంచీ ఈయన నాతో మాట్లాడింది ఇంతకంటే ఎక్కువేం కాదులేవే" అన్నారు.

స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి ఇంటికి వచ్చేది. గ్లాసు బొమ్మ చూపించినా రైటే, తాళంచెవి బొమ్మ చూపించినా రైటే. ఓ రోజు ఆ అమ్మాయి బొమ్మలన్నీ సంచీలో పెట్టేసి అత్తయ్యగారి వైపు తిరిగింది.

"ఆయన నోరు తెరవగానే మీరు అన్నీ అందించేస్తున్నారు ఆంటీ. ఇంకో మాటతో ఆయనకేం పని? కొన్నాళ్ళు అర్థం కానట్టు ఉండి చూడండి. ఆలస్యమైనకొద్దీ కష్టం."

"అర్థమైంది కానట్టు నటించాలా? నావల్ల కాదమ్మా."

"ఆయన మళ్ళీ మీతో మాట్లాడాలా, వద్దా?"



మర్నాడు పొద్దున్న, పొయ్యి మీద టీ మరుగుతుండగా పొట్టి "రైట్" వినిపించింది. ఆవిడ వెళ్ళి దువ్వెన ఇచ్చి వచ్చారు. మళ్ళీ "రైట్". ఈసారి గొడుగు. ఆయన ఆ గొడుగునూ ఆవిడనూ మార్చి మార్చి చూశారు. "రైట్! రైట్!" అని అరిచారు.

"ఏం కావాలో చెప్పండి మరి, నాకెలా తెలుస్తుంది?" గొంతు మామూలుగానే ఉంది గాని, ఆవిడ వేళ్ళు పైటకొంగును మెలిపెడుతున్నాయి.

నాకు ప్రాణం ఉసూరుమంది. టీ గ్లాసులో పోసి పట్టుకెళ్ళబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేశారు. కళ్ళనిండా నీళ్ళు.

మామయ్యగారి ముఖం కందగడ్డలా అయింది. అరచేత్తో బల్ల మీద చరిచారు. పెదవులు ఎటో వెళ్ళి ఎటో వచ్చాయి.

"చె... చె... చెవుడా?"

అత్తయ్యగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమన్నారు?"

"చెవుడా నీకు?"

"చెవుడేనండీ! రెండు చెవులూ పోయాయి! మళ్ళీ అనండి," అంటూ ఆవిడ కుర్చీలో కూలబడి ఏడుస్తూనే నవ్వేశారు. ఆయన తన పెదవులు తానే తడుముకుని చూసుకున్నారు.

నేను మా ఆయనకు ఫోన్ చేశాను. "మీ నాన్నగారు మీ అమ్మని తిట్టారు."

 మా ఆయన వెంటనే అన్నారు:

"ఫోను నాన్న చెవి దగ్గర పెట్టు. నన్ను కూడా ఓ మాట తిట్టమను."